వేళ్లకు తెలియనిది

సెప్టెంబరు 7

కాన్పుల రిజిస్టరుకని జిల్లా నుంచి వచ్చిన నోటుపుస్తకాల్లో ఒకటి నాకోసం ఉంచుకున్నాను. ఇరవై ఏడేళ్ల ఉద్యోగంలో ఈ ఆరోగ్య కేంద్రం నుంచి నేను ఇంటికి తెచ్చుకున్న మొదటి వస్తువు ఇదే. ఎవరికీ చెప్పుకోలేనిది ఎక్కడో ఒకచోట దించుకోవాలి కదా.

కుడిచేతి బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. నిద్రలో మొదలవుతుంది. లేచి చెయ్యి విదిలిస్తే చీమలబారు పాకినట్టు పాకి తగ్గిపోతుంది. నిన్న మాత్రం పొద్దెక్కేదాకా తగ్గలేదు.

చెయ్యి కింద పెట్టుకుని పడుకుని ఉంటాను.

సెప్టెంబరు 8

ఈ రోజు లేదు. అనవసరంగా పుస్తకం పాడుచేశాను.

సెప్టెంబరు 19

ఉంది. ఎడమ చేతికి కూడా.

పొద్దున యూనిఫారం గుండీలు పెట్టుకోలేకపోయాను. గుండీ వేళ్ల మధ్యే ఉంది, కానీ ఉందని కళ్లు చెబితే తప్ప తెలియలేదు. తెమ్వా వచ్చి పెట్టింది. కొత్త నర్సు, వచ్చి ఏడాదయింది. చురుకైన పిల్ల, మాట దాచుకోవడం రాదు. "ఏంటమ్మా, చేతులు వణుకుతున్నాయా?" అంది. చలి అన్నాను. సరస్సు గాలిలోనూ చెమటలు పడుతున్న పూట చలి అన్నాను. అది నవ్వి ఊరుకుంది.

సెప్టెంబరు 22

ట్రైనింగులో రాసుకున్న పాత పుస్తకం వెతికి తీశాను. చేతులు మొద్దుబారడానికి కారణాలని ఒక పేజీ నిండా నా గుండ్రటి రాత. ఇరవయ్యేళ్ల పిల్ల రాసిన రాత, వేళ్లు బాగున్న పిల్లది.

మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం. ఎక్కువగా ఇదేనని కింద గీత గీశాను. అయి ఉండొచ్చు. ఇన్నేళ్లుగా ఎన్ని తలలు పట్టుకున్నాయి ఈ మణికట్లు. మెడ ఎముక అరిగి నరం మీద పడడం. నాకు మెడ నొప్పి లేదు. రక్తం పట్టకపోవడం, చేపలు మాంసాలు తినని వాళ్లకు విటమిను చాలకపోవడం. రోజూ ఉసిపా చేపలతోనే సంగటి తింటాను, అది కాదు. సారా. జన్మలో ముట్టలేదు. క్షయ మందులు. నేనెప్పుడూ మింగలేదు. గొంతు కింది గ్రంథి. ఏమో. కుష్ఠు. మా మేనత్త చేతులు చూసి పెరిగినదాన్ని, అందుకని ఆ మాట చదవగానే లేచి అద్దం ముందు నిలబడి ఒళ్లంతా వెతుక్కున్నాను. మచ్చ లేదు. ఏడ్చాను, ఎందుకో తెలియదు.

చక్కెర జబ్బు. అది బొజ్జలున్న వాళ్లకు, కార్లలో తిరిగేవాళ్లకు. నేను నాలుగు నెలల్లో సన్నబడ్డాను కూడా. పరీక్ష చేసుకోవచ్చు కానీ రక్తంలో చక్కెర చూసే పట్టీలు డబ్బాలో పన్నెండే ఉన్నాయి. అవి గర్భిణులకు. నా అనుమానం కోసం ఒకటి ఖర్చు చేయడం దొంగతనం.

కాబట్టి మణికట్టే. నిద్రకు ముందు చెక్కముక్క పెట్టి గుడ్డ చుట్టుకుంటాను.

అక్టోబరు 3

చెక్కముక్క పనిచేస్తోంది. దాదాపు తగ్గింది.

అక్టోబరు 4

తగ్గలేదు. పొయ్యి మీది కుండ దించుతుంటే మాడిన వాసన వచ్చింది. సంగటి మాడిందనుకున్నాను. నా వేలు.

అక్టోబరు 11

ఇక్కడ అక్టోబరుకే ఎండలు ముదురుతాయి, దాహం తీరడం లేదు. ఎంత తాగినా నాలుక ఎండుతోంది. కాలి మడమ మీద బొబ్బ చితికి ఉంది, చెప్పు ఎప్పుడు కొరికిందో తెలియదు. వానలు పడితే అన్నీ సర్దుకుంటాయి.

అక్టోబరు 30

గర్భిణుల రోజు. ముప్ఫై నలుగురు వచ్చారు. లుసుంగును వాళ్లత్త న్యాగోంద్వె తీసుకొచ్చింది. పెళ్లయిన నాలుగేళ్లకు కడుపు పండింది. మగడు సుజ్గో పడవల వాళ్లతో సరస్సు అవతలి గట్టున ఉన్నాడు. లుసుంగు నవ్వుమొహం పిల్ల. అత్త ఏమన్నా నవ్వుతుంది, అదే అత్తకు మంట.

న్యాగోంద్వె వరసలో ఉన్న ఆడవాళ్లందరికీ వినిపించేలా, తన ముగ్గురు కొడుకులూ ఈ చేతుల్లోకే పడ్డారని, సుజ్గో మెడకు బొడ్డుతాడు చుట్టుకుంటే ఈ వేళ్లే విప్పాయని చెప్పింది. నా చేతులు రెండూ పట్టుకుని పైకెత్తి చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె పట్టు నాకు తెలియలేదు.

లుసుంగు పొట్ట చూశాను. తల కింద ఉంది. వేళ్లకు గుండ్రంగా, గట్టిగా తగిలింది. తగిలినట్టే ఉంది. చెక్క గొట్టం చెవికి ఆనించి వింటే గుండె చప్పుడు బొడ్డుకు పైన వినపడింది. తల కిందికి ఉంటే చప్పుడు బొడ్డుకు కింద వినపడాలి. ఈ గొట్టం పాతది, పగులు ఉంది.

తర్వాత తెమ్వా కూడా విని నా దగ్గరికొచ్చి మెల్లగా, "అమ్మా, చప్పుడు పైన ఉంది. బిడ్డ ఎదురు తిరిగి ఉందేమో. జిల్లా ఆసుపత్రికి పంపిద్దామా?" అంది.

"నీకెన్నేళ్లు?"

"ఇరవై నాలుగు."

"నీ వయసు కంటే నా సర్వీసు ఎక్కువ" అన్నాను. వరసలో వాళ్లు నవ్వారు. తెమ్వా తల దించుకుని వెళ్లి కార్డులు సర్దుకుంది.

కార్డు మీద 'తల కిందికి' అని రాశాను. రెండుసార్లు రాయాల్సి వచ్చింది, కలం జారింది.

నవంబరు 9

మొదటి వాన. చేతులు అలాగే ఉన్నాయి.

నవంబరు 14

లుసుంగు పొద్దున్నే నొప్పులతో వచ్చింది. లోపల పరీక్ష చేశాను. అంతా బాగానే ఉంది. సాయంత్రం రాస్తాను.

నవంబరు 15

నవంబరు 17

రిజిస్టరు రాశాను. ఆడబిడ్డ. బరువు రెండు కిలోల తొమ్మిది వందలు. ఊపిరి తీయలేదు. 'తల కిందికి ఉన్న బిడ్డ చివరి గంటలో తిరిగింది' అని రాశాను.

చివరి గంటలో తిరగదు. నెలలు నిండిన బిడ్డ, నీరు పోయిన గర్భంలో అలా తిరగదు. ఆ సంగతి ఎంతమంది ట్రైనీలకు చెప్పానో నేనే.

నవంబరు 18

ఎదురు కాన్పులు నా చేతుల మీద నలభై దాకా జరిగి ఉంటాయి. నలభై మందీ బతికారు. దేవుడు ఒక్కదాన్ని తీసుకున్నాడు. ఎవరి చేతుల్లో పోలేదు?

నవంబరు 21

నా చేతుల వల్ల కాదు. పొద్దున తెమ్వాతో కూడా అదే అన్నాను. ఆమె ఏమీ అడగకముందే అన్నాను.

నవంబరు 29

తెమ్వా నీళ్లకు వెళ్లి ఖాళీ బిందెతో తిరిగొచ్చింది. బోరింగు దగ్గర జరిగింది చెప్పింది. కోపంతో మాటలు తడబడ్డాయి.

న్యాగోంద్వె అందరి ముందు కోడలిని నిలదీసిందట. తల సరిగ్గా ఉన్న బిడ్డ ఉన్నట్టుండి ఎందుకు తిరుగుతుంది, తప్పు చేసిన కడుపే అలా తిరుగుతుంది, మగడు అవతలి గట్టున ఉంటే ఇవతలి గట్టున ఎవడున్నాడో చెప్పమందట. ఇక్కడ చాలామంది నమ్మకం అదే. కాన్పు కష్టమైతే తప్పు ఎవడితో చేసిందో పేరు చెప్పమంటారు. ఒకప్పుడు నొప్పులు పడుతుండగానే అడిగేవాళ్లు. ఆ మాట నా కాన్పు గదిలోకి రాకుండా ఇన్నేళ్లు తలుపు దగ్గరే ఆపాను.

"నర్సమ్మే రిజిస్టరులో రాసింది కదా చివర్లో తిరిగిందని, అని ఆవిడే అందట. సాక్ష్యం మీరేనమ్మా" అంది తెమ్వా.

ఆమె గుమ్మం దగ్గర నిలబడే ఉంది.

"నేనప్పుడు గట్టిగా చెప్పాల్సింది" అని కళ్లు తుడుచుకుంది. "నా పిరికితనం."

దానిది పిరికితనమట.

డిసెంబరు 2

సుజ్గో తిరిగొచ్చాడట. అమ్మ మాట విన్నాడు, పెళ్లాంతో మాట్లాడలేదు. వచ్చే వారం గ్రామపెద్ద దగ్గర కూర్చుంటారు. లుసుంగును పుట్టింటికి పంపేస్తారు. అది నవ్వడం మానేసిందని అందరూ అంటున్నారు, అదే నేరం ఒప్పుకున్నట్టని కూడా అంటున్నారు.

బిడ్డను ముసలివాళ్లు విడిగా, పొలిమేరలో పూడ్చారు. తల్లికి చూపించలేదు.

డిసెంబరు 3

తల నొప్పిగా ఉంది. సెలవు పెట్టాను.

డిసెంబరు 4

సెలవు.

డిసెంబరు 6

జిల్లా ఆసుపత్రికి వెళ్లాను. చేపల లారీలో ఘాటెక్కి మూడు గంటలు. గర్భిణులను ఈ దారినే పంపించేదాన్ని. లుసుంగును పంపలేదు.

డాక్టరు చిన్నవాడు, కళ్లజోడు, తొందర లేని మనిషి. చేతులని చెప్పాను. ముందు చెప్పులు విప్పమన్నాడు. చేతులయ్యా అన్నాను. "విప్పండమ్మా" అన్నాడు. విప్పాను. కుడి అరికాలిలో మేకు మొన దిగి ఉంది. చుట్టూ చీము. చెప్పులో ఎన్నాళ్ల నుంచి ఉందో. నేను దాని మీద నడిచి వచ్చాను.

కళ్లు మూసుకోమని దూదిపోగుతో కాలి వేళ్లు, చేతి వేళ్లు తాకుతూ తగిలినప్పుడు చెప్పమన్నాడు. ఎప్పుడు మొదలుపెడతాడా అని ఎదురుచూశాను. కళ్లు తెరవమన్నాడు. అప్పటికే అయిపోయింది.

చక్కెర చూశాడు. అంకె నమ్మక ఇంకోసారి చూశాడు. ఏళ్ల నుంచి ఉండి ఉంటుందన్నాడు. కాళ్లతో మొదలై చేతులకొచ్చింది. మణికట్టులో నరం కూడా నొక్కుకుపోయింది, చక్కెర ఉన్నవాళ్లకు రెండూ కలిసే వస్తాయట. మణికట్టు కోసి సడలిస్తే కొంత తేలికపడవచ్చు. మందులు వాడితే ఇంకా పోకుండా ఆగవచ్చు. పోయినది వస్తుందా అని అడిగాను.

"ముందే వచ్చుంటే వేరే మాట" అన్నాడు. "ఎప్పటినుంచి తెలుస్తోంది మీకు?"

"సెప్టెంబరు నుంచి."

"ఏం పని చేస్తారు?"

చెప్పాను. అతను కలం కింద పెట్టాడు. నా మొహంలోకి చూడలేదు, నా చేతులకేసి చూశాడు.

ఇది కాన్పులకు పనికిరాని చెయ్యి అని కాగితం మీద రాయమని నేనే అడిగాను. రాసిచ్చాడు.

డిసెంబరు 7

ఇప్పుడు రాస్తాను.

ఆ రోజు లోపల పరీక్ష చేసినప్పుడు నా వేళ్లకు ఏదీ తెలియలేదు. మెత్తగా ఉందో గట్టిగా ఉందో, తల అతుకులు ఉన్నాయో లేవో ఏమీ తెలియలేదు. తలేనని పైకి చెప్పాను. మధ్యాహ్నం పిర్రలు కనబడ్డాయి. అప్పటికీ భయపడాల్సిందేమీ లేదు. ఎదురు కాన్పు నాకు కొత్త కాదు. ఒళ్లు వచ్చింది, చేతులు వచ్చాయి. తల మిగిలింది. అక్కడ వేళ్లు లోపలికి పోనిచ్చి బిడ్డ బుగ్గల ఎముకలు వెతికి, వాటి మీద నొక్కి గడ్డం కిందికి వంచాలి. రెండు వేళ్ల పని. ఆ రెండు వేళ్లే లేవు నాకు. వెతికాను. బుగ్గ ఏదో, మెడ ఏదో, నా వేళ్ల కొన ఎక్కడుందో తెలియలేదు. తెమ్వా, "నన్ను చెయ్యనివ్వండి" అంది. ఇవ్వలేదు. మళ్లీ అంది. ఇవ్వలేదు. మూడోసారి నన్ను పక్కకు తోసి తీసింది. ఆలస్యమైంది.

చేతులు పాపం చేయలేదు. చేతులు మూడు నెలలుగా నాకు చెబుతూనే ఉన్నాయి. చెవి చెప్పింది, తెమ్వా చెప్పింది. పట్టీలు పన్నెండు ఉన్నాయి.

డిసెంబరు 8

లుసుంగు దగ్గరికి వెళ్లాను. వెనక పెరట్లో కర్రపెండలం చెక్కు తీస్తోంది. రొమ్ములకు గుడ్డ బిగించి కట్టుకుంది, పాలు ఇంకా ఆగలేదట. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. అన్నీ చెప్పాను, రిజిస్టరు అబద్ధం కూడా.

ఆమె చెక్కు తీయడం ఆపలేదు. తప్పు తనదేనని తాను నమ్మేసిందని చెప్పింది. తాను ఎవరితోనూ పోలేదు, కానీ పెళ్లికి ముందు బడిలో ఒకణ్ని ఇష్టపడింది, వాడి గురించి కలగంది ఒకసారి. కల కూడా లెక్కేనేమో, బిడ్డ అందుకే తిరిగిందేమో అని మూడు వారాలుగా అనుకుంటోందట.

కాళ్ల మీద పడబోయాను. కాళ్లు వెనక్కి తీసుకుంది.

"నాకొక్కదానికి చెబితే ఏం లాభం? నాకు తెలుసు నేను ఎవరి పక్కకీ పోలేదని. తెలియని వాళ్లకు చెప్పు."

డిసెంబరు 11

గ్రామపెద్ద ఇంటి ముందు కూర్చున్నారు. చాపల మీద ఆడవాళ్లు, బల్లల మీద మగవాళ్లు. మొదట న్యాగోంద్వె మాట్లాడింది, రిజిస్టరు సంగతి ఎత్తి నన్ను చూపించింది. నేను లేచి చెప్పాను. డాక్టరు రాసిచ్చిన కాగితం పెద్దకిచ్చాను, ఆయన గట్టిగా చదివాడు. నా జబ్బు పేరు, కాళ్లు, చేతులు, అన్నీ.

న్యాగోంద్వె నా దగ్గరికొచ్చి నా చేతులు పట్టుకుంది. గోళ్లతో గిచ్చింది. రక్తం వచ్చింది. నేను కదలకపోవడం చూసి వదిలేసింది. అప్పుడు నమ్మింది.

"నా మనవరాల్ని ఈ మొద్దుల్లో పెట్టానా" అంది. ఎవరితోనూ కాదు.

సుజ్గో లేచి వెళ్లిపోయాడు. పెద్ద నా మీద ఆఫీసుకు రాయాలన్నాడు. నేను ముందే రాశానని చెప్పాను. రిజిస్టరులో నా రాత కొట్టేసి నిజం రాసి సంతకం చేశాను, తెమ్వా తేదీ వేసింది. తర్వాత ఆయన లుసుంగుకు ఏం కావాలని అడిగాడు. పుట్టింటికి పోతుందా, ఇక్కడుంటుందా అని. ఆమె నిలబడింది.

"పోవడం, ఉండడం తర్వాత చూస్తా. అత్తమ్మ బోరింగు దగ్గర అంది ఆ మాట. రేపు పొద్దున, బిందెలన్నీ వరసలో ఉన్నప్పుడు, అక్కడే చెప్పాలి అబద్ధమని. అదే గొంతుతో. నర్సమ్మ కూడా రావాలి."

డిసెంబరు 12

వెళ్లాను. ముప్ఫై బిందెలకు తక్కువ లేవు. తెమ్వా నా పక్కన నడిచింది, నేను రమ్మనలేదు.

న్యాగోంద్వె చెప్పింది. మొదట గొణిగింది. "వినపళ్లేదు" అని వెనకనుంచి ఎవరో అన్నారు. రెండోసారి చెప్పింది, నా కోడలు ఏ తప్పూ చేయలేదు, నేనన్నది అబద్ధం అని. కొంగు నోటికడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. నేను చెప్పాల్సింది నేను చెప్పాను. ఎవరూ నన్ను తిట్టలేదు. ఇద్దరు ముగ్గురు తమ పిల్లలను దగ్గరికి లాక్కున్నారు, వాళ్లంతా నా చేతుల్లో పుట్టిన పిల్లలు.

తిరిగి వస్తుంటే లుసుంగు వెనకనుంచి పిలిచింది. దగ్గరికొచ్చింది. నిండిన బిందె కింద దించింది. క్షమించమని నేను అడగలేదు, ఆమె ఆ మాట ఎత్తలేదు. అడిగింది వేరే.

"పాపను నువ్వే పట్టుకున్నావు. నాకు చూపించలేదు వాళ్లు. వెచ్చగా ఉందా?"

ఈ మూడు నెలల్లో నేనాడిన అబద్ధాలన్నీ ఒక ఎత్తు, ఇప్పుడు నోటిదాకా వచ్చింది ఒక ఎత్తు. ఔనంటే చాలు. కానీ ఆమెకు అబద్ధాలు చాలా అయ్యాయి నా దగ్గర.

"నా అరచేతులకు తెలియలేదు తల్లీ" అన్నాను.

ఆమె మొహం చూడలేక కళ్లు దించుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. తెమ్వా బిడ్డను తీసి నాకిచ్చినప్పుడు అరచేతుల్లో పట్టుకోలేక, జారుతుందని భయపడి, ముంజేతి మీద వాల్చుకున్నాను. అక్కడ నాకింకా స్పర్శ ఉంది.

"ఇక్కడ పడుకోబెట్టుకున్నాను. ఇక్కడ తెలిసింది. వెచ్చగా ఉంది. చాలాసేపు వెచ్చగానే ఉంది. జుట్టు ఒత్తుగా ఉంది, తడిగా ఇక్కడ అంటుకుంది."

"ఎక్కడ?"

చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించాను. లుసుంగు తన అరచెయ్యి అక్కడ ఆనించింది. బిందె నీళ్లకు చల్లబడిన చెయ్యి. తీయలేదు. వరసలో ఆడవాళ్లు మా పక్కనుంచి తప్పుకుని పోతున్నారు. నేను కదలకుండా నిలబడ్డాను, ఆమె తీసేదాకా.